పాత మట్టికి మోతాదు

మార్చి 3, సోమవారం

నువ్వు చెప్పింది నిజమే అయితే, ఇవాళ భోజనం దగ్గర అక్క కుర్చీ వైపు ఎందుకు చూడలేకపోయావు? జవాబు చెప్పు.

ప్రతి ఆదివారం వేదిక మీద నిలబడి నలభై మందిని ఇలాగే నిలదీస్తాను. వాళ్ళు తలలు దించుకుంటారు. ఇవాళ ఈ పుస్తకం తప్ప ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి నన్ను నేనే అడుగుతున్నాను. జవాబు కూడా సిద్ధంగానే ఉంది. నేను చెప్పింది నిజం. నిజం చెప్పినవాడు తల దించుకోనక్కర్లేదు.

వరసగా రాస్తే మనసు కుదుటపడుతుంది. అక్క చేసిన కప్పుల్లో ఒకదానికి పిడి కింద వెంట్రుకంత పగులు పడింది. ఆమె చూసింది. చూసి, పారేయకుండా దాని మీద కాస్త మట్టి పూసి, మిగతా ఇరవై తొమ్మిదింటితో పాటు బట్టీలో పెట్టించి వృద్ధాశ్రమానికి పంపింది. చేతులు వణికే ముసలివాళ్ళ కోసం రెండు పిడులతో, ముందు చిన్న కొమ్ముతో చేసే కప్పులవి. అక్కడ ఒకప్పుడు గడియారాలు బాగుచేసిన తాత ఒకాయన ఉన్నాడు. ఆయన చేతిలో పిడి ఊడి, వేడి పాలు బొటనవేలి మీద పడి బొబ్బ లేచింది. ఆ సాయంత్రమే అక్క వెళ్ళి ఆయన ముందు ఒప్పుకుంది. మర్నాడు ముప్పై కప్పులూ వెనక్కి తెచ్చి తన చేత్తోనే పగలగొట్టింది. గురువారం నాతో చెప్పి ఏడ్చింది.

నిన్న మేడ మీది హాల్లో, ఆదివారం ప్రార్థన కూడికలో, దాచిన పాపం గురించి ప్రసంగించాను. పేరు చెప్పలేదు. కప్పు సంగతి చెప్పాను. ‘ఆ చెయ్యి ఎవరిదో వారే లేచి నిలబడాలి’ అన్నాను.

లేచింది. కాసేపు అలాగే నిలబడింది. తర్వాత చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయింది. ఇంటికి రాలేదు, కూతురి దగ్గరికి వెళ్ళింది.

నేను ఆమె ఆత్మ కోసమే చేశాను.


మార్చి 4, మంగళవారం

మేనకోడలు వచ్చి వాళ్ళమ్మ బట్టలు సంచిలో సర్దుకుంది. మందుల డబ్బా, కళ్ళజోడు, ఉన్ని దుప్పటి. ఎన్ని రోజులు ఉంటుందని అడిగాను.

“అమ్మకి తెలీదు, నాకూ తెలీదు మామయ్యా. మీ గ్రంథంలో రాసి ఉంటుందేమో చూడండి” అంది. గొంతు పెంచలేదు. ఈ పిల్ల ఎప్పుడూ అంతే, సూది గుచ్చి దారం లాగదు.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, ఆశ్రమానికి ముప్పై కప్పులు నెలాఖరుకి ఇస్తానని అమ్మ మాట ఇచ్చిందని, ఆ మాట ఏమవుతుందని అడిగింది. నేను చేస్తానన్నాను. నా వైపు ఒకసారి, వెనక షెడ్డు వైపు ఒకసారి చూసింది. సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.


మార్చి 5, బుధవారం

ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంట్లో పని రెండు వాటాలు. మట్టి, అచ్చులు అక్కవి. గ్లేజు పూత, బట్టీ, చేరవేయడం నావి. పరిశుద్ధ గ్రంథంలో కుమ్మరి ఇంటికి దిగివెళ్ళిన ప్రవక్త సంగతి నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఆ ఇంట్లోనే ఉంటూ నేను ఒక్కసారి కూడా మట్టి కలపలేదు.

అక్క నోటుపుస్తకం మేకుకి వేలాడుతోంది. అచ్చులో పోయడానికి పలచగా కలిపే మట్టిని ఆమె స్లిప్ అంటుంది. దాని లెక్క మొదటి పేజీలోనే ఉంది. పొడి మట్టి పది కిలోలు, నీళ్ళు నాలుగు లీటర్లు, మందు ముప్పై ఐదు గ్రాములు. మందు అంటే సోడియం సిలికేట్. చిక్కటి పాకంలా ఉంటుంది. నీళ్ళు ఎక్కువ పోయకుండానే మట్టి పలచబడి అచ్చులోకి జారేది దాని వల్లనట.

ఇంతే. బ్రహ్మవిద్యేం కాదు.


మార్చి 6, గురువారం

కలిపాను.

ఒకటి తప్ప బస్తాలన్నీ కట్టి ఉన్నాయి. విప్పి ఉన్నదాంట్లో పొడి మట్టి ఐదు కిలోలే మిగిలింది. కొత్తది విప్పడమెందుకని, మూలనున్న బకెట్టులో పాత ముక్కలు తీశాను. అంచులు కోసినప్పుడు రాలిన తునకలు, విరిగిన పచ్చి కప్పులు, అన్నీ ఎండబెట్టి మూత పెట్టింది అక్క. ఆ బకెట్టు పిడికి ఎర్ర గుడ్డ ఒకటి కట్టి ఉంది. విప్పి పక్కన పెట్టాను. తూచితే సరిగ్గా పది కిలోలు. మొత్తం పదిహేను. కాబట్టి నీళ్ళు ఆరు లీటర్లు, మందు యాభై రెండు గ్రాములు. ముందు నీళ్ళు, నీళ్ళలో మందు, ఆ తర్వాత మట్టి కొద్దికొద్దిగా. డ్రిల్లుకి కడ్డీ తగిలించి గంటసేపు తిప్పాను. చొక్కా, గోడ, అటక, అన్నీ మట్టి. అక్క తిప్పుతుంటే నేల మీద ఒక్క చుక్క పడేది కాదు.

కాని జారింది. కడ్డీ ఎత్తితే రిబ్బనులా దిగింది. మోకాళ్ళ మీద కూర్చుని స్తోత్రం చెప్పాను. ఆమె లేకపోతే ఈ ఇంట్లో పని జరగదనుకున్నవాళ్ళు వచ్చి చూడాలి.

ఎవరూ అలా అనుకోలేదు. నేనే రాశాను.


మార్చి 7, శుక్రవారం

బకెట్టు మూత తీస్తే పైన మీగడలా పొర కట్టింది. అడుగున చెయ్యి పెడితే మట్టి నేలలా గట్టిగా కూర్చుంది. మళ్ళీ తిప్పాను. కడ్డీ ఎత్తితే రిబ్బను లేదు, తీగలు తీగలుగా సాగి తెగుతోంది.

గట్టిపడింది కాబట్టి మందు చాలలేదన్నమాట. ఇంకో ఇరవై గ్రాములు పోశాను. కఠినమైనదాన్ని మెత్తన చెయ్యడానికి ఇంకాస్త ఘాటు పెంచాలి. ఇది నాకు కొత్త కాదు. ముప్పై ఏళ్ళుగా చేస్తున్నదే.


మార్చి 8, శనివారం

ఇంకా గట్టిపడింది.


మార్చి 9, ఆదివారం

మెడలు వంచని జనం గురించి ప్రసంగించాను. బల్ల గుద్దాను. నలభై కుర్చీల్లో పదమూడు ఖాళీ. పొట్టు పోయి గింజలు మిగులుతున్నాయని చెప్పాను. వెనక వరసలో కూర్చునే కుట్టుపనావిడ, నేను వెనకాల లేననుకుని మెట్ల మీద ఎవరితోనో, ‘అగ్గిపుల్ల ఇవాళ పెట్టెతో సహా అంటుకుంది’ అంది. నాకు వాళ్ళు అగ్గిపుల్ల అని పేరు పెట్టినట్టు ఇరవై ఏళ్ళ క్రితమే తెలుసు. ఎప్పుడూ గర్వంగానే ఉండేది.

మేనకోడలు మాత్రం వచ్చింది. ప్రసంగం అంతా విని, చివర నా దగ్గరికి వచ్చి ఒక్క మాట చెప్పింది. “అమ్మ అడగమంది. జల్లెడ పట్టాడా అని.”

పట్టలేదు. పట్టానని చెప్పాను.

ఇంటికి వచ్చి పట్టాను. అంటే అబద్ధం కాదు, కాస్త ముందుగా చెప్పిన నిజం.

అక్క అడిగింది. వెళ్ళిపోయి కూడా అడిగింది.


మార్చి 10, సోమవారం

ఆరు అచ్చులు. రెండు చెక్కలు కలిపి రబ్బరు పట్టీలు బిగించి పోశాను. ప్లాస్టర్ అచ్చు నీరు పీల్చుకుంటుంది, లోపలి గోడకి మట్టి పొరలా పట్టుకుంటుంది, ఇరవై నిమిషాల తర్వాత మిగిలింది తిరగబోస్తే కప్పు మిగులుతుంది. వేల సార్లు చూశాను. చూడ్డం వేరు.

తిరగబోస్తే తీగలు సాగింది. గంట ఆగి విప్పాను. అచ్చుని పట్టుకుని కప్పు వదలదు. మొదటిదానికి పిడి అచ్చులోనే ఉండిపోయింది. రెండోదీ అంతే. ఐదూ అంతే. ఐదింటికీ పిడి కిందే తెగింది.

ఆరోది మొత్తంగా వచ్చింది. కొమ్ము, రెండు పిడులు, అంచు, అన్నీ. చేతిలో పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. పిడి కింద వెంట్రుకంత గీత.

ఇక్కడ జరిగింది జరిగినట్టు రాయాలి. ఇది రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు.

బకెట్టులో వేలు ముంచాను. ఆ గీత మీద రాశాను. నున్నగా దిద్దాను. ఆలోచించలేదు. చెయ్యి దానంతట అదే వెళ్ళింది. పొద్దుటి నుంచీ పడ్డ పాటంతా ఆ ఒక్క కప్పులో ఉంది, దాన్ని పోనివ్వడానికి చెయ్యి ఒప్పుకోలేదు. గీత కనపడకుండా పోయింది. బాగుంది కూడా. అప్పుడు నా వేలి వైపు చూసుకున్నాను.

కప్పుని పిడికిట్లో నలిపేశాను. అది నలిగిన చప్పుడు లేదు. పచ్చి మట్టికి చప్పుడు ఉండదు.

నిండా ముప్పై కప్పులు చేసి, చివర ఒకదాని మీద అలా వేలు పెట్టడానికి ఆమెకి ఎంత అలసట ఉండి ఉంటుందో నేను అడగలేదు. ఆ గురువారం అడగలేదు. ఆమె ఏడుస్తుంటే నేను మనసులో వాక్యం వెతుక్కుంటున్నాను.


మార్చి 11, మంగళవారం

మందు డబ్బా అడుగంటింది. ఇంకోటి కొందామని మట్టి సరుకుల కొట్టుకి వెళ్ళాను. ఎందుకైనా మంచిదని సీసాలో కాస్త స్లిప్ కూడా పట్టుకెళ్ళాను. కొట్టాయన ఏ దేవుణ్ణీ నమ్మడు. నేను ఎప్పుడు వెళ్ళినా ముందు రెండు మాటలు ఆయన ఆత్మ గురించి చెప్తాను, ఆయన తలాడిస్తూ పక్కవాడికి సరుకు తూస్తాడు. ఇవాళ ఆ రెండు మాటలు కూడా నా నోటికి రాలేదు.

డబ్బా అడిగితే కళ్ళజోడు పైనుంచి చూశాడు. “మీ అక్కగారు ఒక డబ్బా ఏడాది వాడతారండీ. మీరేమైనా తాగుతున్నారా?”

సీసా ఇచ్చాను. మూత తీసి పుల్ల ముంచి ఎత్తాడు. తీగ సాగింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, మళ్ళీ ముంచాడు, మళ్ళీ ఎత్తాడు. డాక్టరు నాడి చూస్తున్నంతసేపు చూసి, పాత ముక్కలు కలిపారా అని అడిగాడు. కలిపానన్నాను. మందు ఎంత మట్టికి లెక్క కట్టారన్నాడు. మొత్తానికి అన్నాను.

పుల్ల కింద పెట్టాడు.

“అదీ సంగతి. ఆ పాత ముక్కల్లో మందు ముందే పడిందండీ. అది ఒకసారి కరిగిన మట్టి. ఎండినా మందు ఎక్కడికీ పోదు. దానికి ఉత్త నీళ్ళు చాలు. మీరు మళ్ళీ పూర్తి మోతాదు పోశారు.”

“పోస్తే మంచిదే కదండీ. పలచబడ్డానికే కదా అది.”

“కొంచెం పడితే పలచబడుతుంది. ఎక్కువైతే అదే బిగదీస్తుంది. బిగిసింది కదా అని మీరు ఇంకాస్త పోసుంటారు.”

నేను సీసా మూత బిగించాను.

“పోశారన్నమాట” అన్నాడు.

ఆ బకెట్టుకి మీ అక్కగారు ఏదో గుర్తు పెట్టుకుంటారే అని కూడా అన్నాడు. ఎర్ర గుడ్డ.

పారబోయాలా అని అడిగాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. పారబొయ్యడం ఎందుకన్నాడు. కాగితం మీద లెక్క వేశాడు. పాతదాంట్లో ముప్పై ఐదు, నేను పోసింది యాభై రెండు, పైన ఇరవై. మొత్తం నూట ఏడు గ్రాములు. అంత మందు ముప్పై కిలోల మట్టికి సరిపోతుంది, మీ దగ్గరున్నది పదిహేనే. ఇంకో పదిహేను కిలోల కొత్త పొడి, ఆరు లీటర్ల ఉత్త నీళ్ళు కలపండి, మందు చుక్క కూడా వద్దు, ఒక రోజు కదపకుండా వదిలెయ్యండి, అదే సర్దుకుంటుంది అన్నాడు. కాగితం మడిచి నా చొక్కా జేబులో పెట్టాడు. డబ్బా మాత్రం అమ్మనన్నాడు.

గాడిద నోట కూడా మాట పలికించిన దేవుడు, ఇవాళ ఈయన నోట పలికించాడు. ఈ పోలిక ఆయనకి చెప్పకపోవడం నేను ఈ వారంలో చేసిన మొదటి తెలివైన పని.

సిగ్గు వేయాలి. వేసింది కూడా. కాని దానికంటే ముందు, కొట్టు మెట్లు దిగుతుంటే, ఒళ్ళంతా తేలికైంది. ఇన్నాళ్ళూ మట్టి నా మీద పగబట్టిందనుకున్నాను. తీర్పు అనుకున్నాను, పరీక్ష అనుకున్నాను. తీర్పు కాదు. తూకం తప్పు. తూకం తప్పు అయితే దిద్దుకోవచ్చు.

ఎర్ర గుడ్డ కట్టి ఉంది. చూశాను. విప్పి పక్కన పెట్టాను. పోశాను. చాలలేదని మళ్ళీ పోశాను.

మట్టి సంగతేనా నేను రాస్తున్నది?


మార్చి 12, బుధవారం

కొత్త బస్తా విప్పి పదిహేను కిలోలు తూచి కలిపాను. మందు లేకుండా. చెయ్యి రెండుసార్లు డబ్బా వైపు వెళ్ళింది. అలవాటు. డబ్బాని అటక ఎక్కించాను.

అది సర్దుకునేదాకా చెయ్యడానికి పనేమీ లేదు. ఈ పుస్తకం పాత పేజీలు తిరగేశాను. ఆ ఆదివారానికి ముందు గురువారం నేనేం రాశానో చూద్దామని. అక్క ఏడ్చిన రోజు పేజీలో వాతావరణం గురించి ఉంది. శుక్రవారం ఏమీ లేదు. శనివారం, మార్చి ఒకటి, ఒకే ఒక్క లైను.

‘రేపటికి ప్రసంగం లేదు. ఏమీ తోచడం లేదు.’

నా చేతిరాతే.

ఆమె ఆత్మ కోసం చేశానని ఈ పుస్తకంలోనే రాశాను. తర్వాత పేజీల్లో పదే పదే రాయకపోయినా పదే పదే అనుకున్నాను. దానికి ఎదురుగా ఈ లైను. నలభై మంది వస్తారు, నా దగ్గర ఏమీ లేదు. చేతికందే దూరంలో అక్క కన్నీళ్ళు ఉన్నాయి. తీసుకున్నాను. గోటితో పోయేది కూడా కాదది, అప్పటికే పోయింది. నేను గొడ్డలి తెచ్చాను.

రాసేశాను. చదువుకున్నాను. ఇల్లు కూలలేదు. కుర్చీ వైపు చూశాను. చూడగలిగాను.


మార్చి 13, గురువారం

రిబ్బను.

కడ్డీ ఎత్తితే చివరిదాకా తెగకుండా దిగింది. చిక్కదనం చూడ్డానికి, కొట్టాయన చెప్పినట్టు గీతలున్న గాజు గొట్టంలో వంద మిల్లీలీటర్లు పోసి తూచాను, నూట డెబ్బై ఎనిమిది గ్రాములు. అక్క పుస్తకం మార్జినులో అదే అంకె, చుట్టూ గుండ్రంగా గీసి ఉంది. జల్లెడ పట్టాను. రెండుసార్లు. నాలుగు ప్లాస్టర్ పెళ్ళలు దొరికాయి. అందుకా ఆమె అడిగింది.

పన్నెండు పోశాను, పన్నెండూ వదిలాయి. అచ్చు చెక్క తీయగానే కప్పు తనంతట తానే పక్కకి వాలింది, నిద్ర లేచిన పిల్లాడిలా. ఒక్కొక్కదాని పిడి కింద వేలు పెట్టి చూశాను. కిటికీ దగ్గర చూశాను, నీళ్ళ బ్రష్షుతో తడిపి మళ్ళీ చూశాను. గీత లేదు.

ఒంటరిగా నవ్వాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు నవ్వితే పక్కింటివాళ్ళు ఏమనుకుంటారో. అనుకోనీ.


మార్చి 14, శుక్రవారం

ఇంకో పన్నెండు. అందులో ఒకటి నా చెయ్యి తగిలి పడింది. దాన్ని ఏమీ అనలేదు. తునకలు ఏరి బకెట్టులో వేసి, ఎర్ర గుడ్డ తిరిగి కట్టాను.

అచ్చులు ఆరేలోపు ఆశ్రమానికి వెళ్ళి, కప్పులు నెలాఖరుకి వస్తాయని చెప్పాను. గడియారాల తాతని చూడకుండా వచ్చేద్దామనుకున్నాను. ఆయనే వరండాలోంచి పిలిచాడు. బొటనవేలు మానింది. కప్పులు లేక తనకి చెంచాతో తాగిస్తున్నారని, ఎనభై ఏళ్ళొచ్చి నోరు తెరిచి కూర్చోవడం వేలు కాలినదానికంటే మంటగా ఉందని చెప్పాడు. అక్క తరఫున క్షమించమని అడగబోయాను.

“మీ అక్క అడిగింది. నేను సరే అన్నాను. అక్కడితో అయిపోయింది బాబూ” అన్నాడు. “బాగుపడి నడుస్తున్న గడియారాన్ని మళ్ళీ విప్పే పిచ్చివాణ్ణి నేను చూళ్ళేదు.”

ఆయనకి కూడిక సంగతి తెలుసో తెలీదో. నేను అడగలేదు.


మార్చి 15, శనివారం

చివరి ఏడు కప్పులు పొద్దున్నే పోశాను. ముప్పై పూర్తి. గురువారం చేసినవాటిలో ఒకటి, ఎండి తెల్లబడ్డది, తువ్వాల్లో చుట్టి అట్టపెట్టెలో పెట్టుకుని మేనకోడలి ఇంటికి వెళ్ళాను. మూడో అంతస్తు. ప్రతి అంతస్తు దగ్గరా ఆగాను. ఊపిరి కోసమని అనుకున్నాను.

అక్క కిటికీ పక్కన కూర్చుని కర్టెనుకి అంచు కుడుతోంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. పెట్టె చూసి, దారం పళ్ళతో తెంపి, చెయ్యి చాపింది. కప్పు ఇచ్చాను. వెలుతురుకి ఎత్తి లోపలి గోడ చూసింది. కొమ్ములో చిటికెనవేలు పెట్టింది. పిడి కింద బొటనవేలితో నెమ్మదిగా రాసింది. ఆ వేలు అక్కడ ఆగినప్పుడు నేను కిటికీ బయటికి చూశాను.

“కాస్త మందమైంది. ఇరవై నిమిషాలు ఉంచావా?”

“ఇరవై.”

“మట్టి బాగా ఉన్నప్పుడు పదిహేను చాలు.” కప్పు ఒళ్ళో పెట్టుకుంది. “మొదటి బకెట్టు పాడుచేశావట కదా. కొట్టాయన ఫోన్ చేశాడు. నీ బకెట్టు గురించి కాదులే. నువ్వు ఆ రోజు ఆయన ఆత్మ గురించి ఏమీ అనలేదట, ఒంట్లో బాగుందా అని అడిగాడు.”

వంటగదిలో మేనకోడలు గిన్నె ఏదో కింద పడేసింది. అది నవ్వు ఆపుకోవడానికని నాకు తెలుసు.

నేను అచ్చుల గురించి మాట్లాడాను. జల్లెడ గురించి మాట్లాడాను. ఆరు అచ్చుల్లో నాలుగోదానికి పట్టీ వదులైందని చెప్పాను. రబ్బరు పట్టీ గురించి నేను ఎంతసేపు మాట్లాడానో నాకే తెలీదు.

“చల్లకొచ్చి ముంత దాచకురా” అంది అక్క.

అప్పుడు చెప్పాను. “ఆ శనివారం నా దగ్గర ప్రసంగం లేదక్కా.”

“తెలుసు.”

“ఎలా?”

“శుక్రవారం నుంచీ గోళ్ళు కొరుకుతున్నావు. నీకు పదేళ్ళప్పుడు పద్యం రాకపోయినా అంతే.” సూదిలోకి దారం ఎక్కించుకుంటూ అంది. “నీకు చెప్పుకున్నాను. మా తమ్ముడు కదా అని చెప్పుకున్నాను. బోధకుడికి కాదు.”

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. ఆమె వంతు అయిపోయింది. నా తల మీద చెయ్యి పెట్టలేదు, కర్టెను కుట్టుకుంటూ కూర్చుంది. నేను ముక్కు తుడుచుకోవడం అయ్యాక, ఇంటికి వస్తావా అని అడిగాను.

“సోమవారం వస్తాను. అంచులు నున్నగా దిద్దడం నీ ఒక్కడి వల్ల కాదు. అచ్చులు ఎండబెట్టు. ఎండలో కాదు, నీడలో.”

“రేపు కూడికకి?”

“రాను. నేనుంటే నన్ను చూసి మాట్లాడతావు. నాకు చెప్పావు, బాగానే ఉంది. కాని నువ్వు నన్ను లేవమన్నది ఈ గదిలో కాదు కదా.”

తలాడించాను. గుమ్మం దాకా వచ్చాక వెనకనుంచి పిలిచింది. “ఒరేయ్. దీన్ని ప్రసంగం చెయ్యకు. మట్టి, మందు, మోతాదు అని మొదలుపెట్టావంటే సోమవారం కూడా రాను.”

మెట్లు దిగుతుంటే ఎక్కడా ఆగలేదు.


మార్చి 16, ఆదివారం, ఉదయం

ఒక కప్పు అక్క దగ్గరే ఉంది, మిగతా ఇరవై తొమ్మిదీ, చెక్క మీద రెండు వరసలు, తెల్లగా ఎండుతున్నాయి. అచ్చులు నీడలో ఉన్నాయి. అక్క కుర్చీ తుడిచాను. ఆమె కళ్ళజోడు పెట్టుకునే అర ఖాళీ చేశాను.

పొద్దుట లేచి నాలుగు పేజీలు రాశాను. మట్టితో మొదలైంది. చింపేశాను. మళ్ళీ రెండు పేజీలు, ప్రవక్తతో మొదలైంది. అదీ చింపేశాను. గ్రంథం పక్కనే ఉంది, తెరవలేదు. ఇన్నేళ్ళలో ఒక ఆదివారం దాన్ని తెరవకుండా మెట్లెక్కడం ఇదే మొదలు. దాంట్లో ఉన్నది నాకు తెలుసు. అది ఎదుటివాళ్ళకోసం ఉందనుకున్నాను, అంతే.

మిగిలింది మూడు వాక్యాలు. మా అక్క తప్పు చేసింది, చేసిన రోజే ఒప్పుకుని దిద్దుకుంది. అది తెలిసి కూడా, నా దగ్గర చెప్పడానికి ఏమీ లేక, ఆమెని మీ ముందు నిలబెట్టాను. ఆ తప్పు నాది, నన్ను క్షమించండి.

నాలుగోది రాయబోయాను. కలం ఆపాను. మూడు చాలు.

భయంగా ఉంది. కాని ఇది ప్రతి శనివారం ఉండే భయం కాదు. కడ్డీ ఎత్తే ముందు ఉండే భయం లాంటిది.

కూడికకి వేళవుతోంది. వచ్చే వారం ఇంకా బాగా చెప్పవచ్చని లోపల ఒకడు అంటున్నాడు. వాడి గొంతు నాకు బాగా తెలుసు, ఆ శనివారం కూడా వాడే మాట్లాడాడు. వాడి మాట వినకు. రేపు ఆమె ఈ గుమ్మంలో అడుగు పెట్టేలోగా జరగాల్సింది ఇవాళే జరగాలి. హాలుకి ఇరవై రెండు మెట్లున్నాయి. వేదిక ఎక్కకు. మూడో వరసలో, కిటికీ పక్కన, ఆమె నిలబడిన చోటే నిలబడు. బల్ల లేకుండా, గ్రంథం లేకుండా, అందరి మొహాలూ చూస్తూ చెప్పు. పుస్తకం మూసెయ్. చెప్పులు వేసుకో. లే, ఇప్పుడే వెళ్ళు.